పదకొండు నిమిషాల ఊరు

మా ఇంట్లో వేసవి సెలవులంటే క్రీట్ ద్వీపమే. పన్నెండేళ్ళుగా ప్రతి జూలైలోనూ అదే సముద్రం, అదే నీలం కిటికీల హోటలు. పిల్లలకి విసుగొచ్చినా, మా ఆయన హాల్వర్ ఒళ్ళు ఎండకి కమిలిపోయినా, మార్చి నెల రాగానే టికెట్లు కొనేసేదాన్ని. ఎండంటే నాకు ప్రాణమని మా వాళ్ళు అనుకునేవారు. నేను అనుకోనిచ్చాను.

జబ్బు భయానికి సరిహద్దులన్నీ మూసేసిన ఏడాది ఆ పప్పులేవీ ఉడకలేదు. ఏప్రిల్ చివర్లో క్రీట్ హోటలు నుంచి ఈసారికి రావద్దంటూ ఉత్తరం వచ్చింది. ఆ సాయంత్రమే హాల్వర్ వంటింటి బల్ల మీద నార్వే పటం పరిచాడు. ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు కాఫీ కప్పులు పెట్టాడు.

"ఈసారి సొంత దేశమే. మనిషికో చోటు చెప్పండి, ఓట్లు వేద్దాం," అన్నాడు. చరిత్ర మేష్టారు. ఇంట్లో కూడా అన్నీ తరగతి గది పద్ధతిలోనే జరగాలి.

"జారుడుబల్లల పార్కు!" అంది తొమ్మిదేళ్ళ సిగ్నే.

పెద్దది టీరిల్ పటం మీదికి వంగి, అన్నిటికన్నా పైన, రోడ్లన్నీ సన్నబడిపోయిన చోట వేలు పెట్టింది. "ఫిన్‌మార్క్. అమ్మ వాళ్ళ వైపు."

"అక్కడేముందే? రాళ్ళు, దోమలు," అన్నాను.

"క్రీట్‌లోనూ రాళ్ళేగా అమ్మా. క్యూలో నిలబడి మరీ చూశాం."

హాల్వర్ పగలబడి నవ్వాడు. నవ్వు ఆగాక నా వైపు తిరిగి, "నిజమే ఎల్లెన్. పందొమ్మిదేళ్ళ కాపురంలో మీ అమ్మ సమాధి కూడా నాకు చూపించలేదు నువ్వు. గ్రీసు రాజుల సమాధులు మాత్రం అన్నీ చూశాను," అన్నాడు.

పీతల్ని పట్టే పడవ ఎక్కిస్తామనేసరికి సిగ్నే కూడా అటే తిరిగింది. మూడు ఓట్లు ఒకవైపు, నా ఓటు ఒకవైపు.

"సరే. ప్లానంతా నేనే వేస్తాను," అన్నాను.

"చూశారా, ఊరి పేరెత్తేసరికి ఎంత హుషారొచ్చిందో మీ అమ్మకి!" అన్నాడు హాల్వర్.

ద్రామెన్‌లో మందుల దుకాణంలో నా పని. మే నెలంతా మధ్యాహ్నం భోజనం వేళ వెనక గదిలో కూర్చుని, ఒక చేత్తో రొట్టె, ఒక చేత్తో పెన్సిలు పట్టుకుని ఆ ప్రయాణాన్ని గీశాను. ఆల్టా దాకా విమానం. అక్కడినుంచి అద్దె కారు. చివర్లో వాద్సోలో అమ్మ సమాధి దగ్గర ఒక పూట. అన్నీ చక్కగా కుదిరాయి, ఒక్క స్టేయిన్‌వీక్ తప్ప. అక్కడ ఉన్నది ఒకటే రోడ్డు. అది సముద్రపు పాయ ఒడ్డునే పాకుతూ ఆ ఊరి మధ్యలోంచి పోతుంది. ఇళ్ళన్నీ విసిరేసినట్టు దూరదూరంగా ఉండే ఊరు. మొదటి గొర్రెల కొట్టం నుంచి చివరి పడవల రేవు దాకా ఎంతసేపు పడుతుందో చూసుకున్నాను. పదకొండు నిమిషాలు.

ఆ పదకొండు నిమిషాల్లో ఎవరూ కారు దిగకూడదు. అందుకని భోజనానికి ఆగేది ఊరికి నలభై కిలోమీటర్ల ఇవతల పెట్టాను. ఊరు దాటాక ఇరవై నిమిషాల్లో చేరేలా ఒక చెక్క ఇల్లు అద్దెకి మాట్లాడాను. ఆ ముక్క మాత్రం కారు నేనే నడపాలని కూడా రాసిపెట్టుకున్నాను. హాల్వర్ నడిపితే కనిపించిన ప్రతి పాత చర్చి దగ్గరా ఆపుతాడు.

స్టేయిన్‌వీక్‌లో మా పెద్దమ్మ రావ్నా ఉంటుంది. నాలుగో ఏట నుంచి పన్నెండో ఏట దాకా నన్ను పెంచింది ఆవిడే. అమ్మ వాద్సోలో చేపల ఫ్యాక్టరీలో పనిచేసేది. మేము సామీలం, ఉత్తరాన తరతరాలుగా ఉంటున్న ఆదివాసులం, కాసిని గొర్రెలూ ఒక పడవా పెట్టుకుని సముద్రం ఒడ్డున బతికే సామీలం. మా మాట వేరు. బళ్ళో ఆ మాట నోట్లోంచి వస్తే అమ్మనీ పెద్దమ్మనీ కొట్టేవారట. నన్నెవరూ కొట్టలేదు. పదహారేళ్ళప్పుడు త్రోమ్‌సో హాస్టల్లో పక్క మంచం పిల్ల, "ఫిన్‌మార్కా? ఆ సామీలు దగ్గరికొస్తే కంపు కొడతారట కదా!" అని ముక్కు మూసుకుంది. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. నాకు జరిగిందల్లా అంతే. అంతకన్నా పెద్ద కష్టమేదైనా జరిగుంటే ఇప్పుడు చెప్పుకోవడానికి బాగుండేది.

పెళ్ళికి పెద్దమ్మని పిలవలేదు. పిలిస్తే ఎర్రంచు నీలం గౌను, ఛాతీ మీద వెండి బిళ్ళలు, ఆ సామీ బట్టల్లోనే వస్తుంది. హాల్వర్ తల్లి పక్కన ఆవిడని ఊహించుకుని భయపడ్డాను. ఒంట్లో బాగాలేదట అని హాల్వర్‌కి చెప్పాను. టీరిల్ బాప్తిస్మానికి అతను మళ్ళీ అడిగాడు. "ఈసారైనా మీ పెద్దమ్మని రప్పిద్దాం. నేనే వెళ్ళి తీసుకొస్తాను." నేనప్పుడు గిన్నెలు కడుగుతున్నాను. వెనక్కి తిరక్కుండానే, "ఆవిడ పోయింది. మొన్న చలికాలంలో. గుండె," అన్నాను. ఎంతో తేలిగ్గా వచ్చేసింది ఆ మాట. హాల్వర్ నా తడి చేతులు పట్టుకుని ఏడ్చాడు. ఎన్నడూ చూడని మనిషి కోసం.

ఆ తర్వాత కూడా ప్రతి క్రిస్మస్‌కీ పెద్దమ్మకి కార్డు పంపుతూనే ఉన్నాను. వెనక చిరునామా రాయకుండా.

జూలై రెండో వారంలో బయల్దేరాం. అంతా నేను గీసినట్టే నడిచింది. ఇవతల నలభై కిలోమీటర్ల దగ్గర భోజనం చేశాం. కారు తాళాలు నేను తీసుకున్నాను. సిగ్నే కారులో కూర్చుని బాటిలెడు పళ్ళరసం తాగేసిందని మాత్రం నాకు తెలీదు. స్టేయిన్‌వీక్ మొదలైన నాలుగో నిమిషంలో, "అమ్మా, అర్జెంటు!" అంది.

"ఇంకో అరగంటలో ఇల్లొచ్చేస్తుంది, ఓర్చుకో తల్లీ."

"అరగంటా! చచ్చిపోతాను!"

"అదిగో కొట్టు ఉంది, ఆపవేం?" అన్నాడు హాల్వర్. ఆపకపోవడానికి నా దగ్గర ఏ కారణమూ లేదు.

ఊరు మొత్తానికి అదొక్కటే కొట్టు. లోపల కిటికీ పక్కన కాఫీ బల్ల ఉంటుంది, ముసలివాళ్ళు కూర్చుంటారు. అది నాకు తెలుసు. సిగ్నేని లోపలికి పంపి నేను కారులోనే ఉండిపోదామనుకున్నాను. హాల్వర్ అప్పటికే దిగి, కాఫీ తాగుదాం రమ్మని తలుపు తీసి పట్టుకున్నాడు.

పెద్దమ్మ ఒక్కతే ఉంది బల్ల దగ్గర. తలకి పువ్వుల రుమాలు, మీద పాత ఊలు కోటు. నన్ను చూసిన మరుక్షణం లేచి నిలబడింది. మనుషులు ఒకరికొకరు దూరంగా ఉండాలన్న రోజులు కాబట్టి రెండడుగుల ఇవతలే ఆగింది. లేకపోతే అక్కడికక్కడే నన్ను వాటేసుకునేది.

"ఎల్లే! నువ్వేనా అమ్మా? ఎప్పుడొచ్చావు నా తల్లీ?" అంది మా మాటలో.

"క్షమించండి. మీరనేది నాకు అర్థం కావడం లేదు," అన్నాను నార్వేజియన్‌లో. మందుల దుకాణంలో పరాయివాళ్ళతో వాడే గొంతుతోనే అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. తర్వాత నా వెనక మర్యాదగా నవ్వుతూ నిలబడ్డ హాల్వర్‌ని చూసింది. టీరిల్‌ని చూసింది. టీరిల్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది ఆ చూపు.

"పొరపాటు పడ్డానండీ," అంది నార్వేజియన్‌లో, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "ఈమధ్య చూపు సరిగ్గా ఆనడం లేదు. మాకో పిల్ల ఉండేది. ఇలాగే ఉండేది."

"ఫర్వాలేదండీ," అన్నాడు హాల్వర్.

సిగ్నే అక్కడే గంతులేస్తోంది. పెద్దమ్మ దాని వైపు వంగింది. "బాత్రూమా? అటు వెనక, కుడిపక్క. ఆ గడియ పైకెత్తి తొయ్యాలి, నీకు రాదు. పద, నేనొస్తాను."

ఇద్దరూ వెళ్ళారు. కౌంటరు వెనక ఉన్నవాడు బళ్ళో నా పక్కన కూర్చున్నవాడే. నన్ను చూశాడు. తర్వాత సిగరెట్ పెట్టెలు సర్దడం మొదలుపెట్టాడు, సర్దినవే మళ్ళీ మళ్ళీ.

కారెక్కాక హాల్వర్, "నీ పోలికలు ఇక్కడ చాలామందికి ఉన్నాయన్నమాట," అని నవ్వాడు.

"ఎల్లే అంది అమ్మా ఆవిడ," అంది టీరిల్ వెనక సీట్లోంచి.

"ఆ పేరు ఇక్కడ ఇంటికొకరికి ఉంటుందే," అన్నాను. మిగతా ఏడు నిమిషాలూ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

మర్నాడు పొద్దున అద్దె ఇంట్లో టిఫిను దగ్గర కూర్చున్నాం. బయట సముద్రం మీంచి చల్లగాలి. సిగ్నే రొట్టెకి గోధుమరంగు జున్ను రాసుకుంటూ, "నిన్నటి మామ్మ నాకు చాక్లెట్ ఇచ్చింది, ఎవరికీ చెప్పలేదు నేను," అంది.

"ఇప్పుడు చెప్పావుగా," అంది టీరిల్.

"చల్లగాలి తగిలితే మీ అమ్మకి ఇంకా చెవి పోటొస్తుందా అని అడిగింది. వస్తుంది, దూది పెట్టుకుంటుంది అని చెప్పాను. ఎడం చెవేనా అంది. అవునన్నాను."

నా ఎడం చెవిలో అప్పుడు దూది ఉంది. హాల్వర్ దాన్నే చూస్తున్నాడు. చేతిలో చాకు నెమ్మదిగా కింద పెట్టాడు.

"సిగ్నే, బయటికెళ్ళి ఆడుకో."

"నేను ఇంకా..."

"రొట్టె తీసుకుని వెళ్ళు."

అది వెళ్ళి తలుపు వేసుకునే దాకా ఆగాడు. "ఎవరావిడ?"

"మా పెద్దమ్మ."

"ఏ పెద్దమ్మ?"

"నాకున్నది ఒక్కతే. రావ్నా."

"రావ్నా చచ్చిపోయింది కదా."

"లేదు."

టీరిల్ మొహం ఎర్రబడింది. "ప్రతి నవంబరూ చనిపోయినవాళ్ళ ఆదివారం నాడు చర్చిలో ఆవిడ పేరు చెప్పి దీపం పెట్టాను నేను. ఆరేళ్ళప్పటి నుంచీ. నువ్వు నా పక్కనే నిలబడ్డావు. అగ్గిపుల్ల గీసిచ్చింది నువ్వే అమ్మా!"

అప్పుడు అన్నీ చెప్పాను. మా మాట సంగతి, హాస్టల్లో నవ్విన సంగతి, పెళ్ళినాటి అబద్ధం, గిన్నెలు కడుగుతూ చెప్పిన అబద్ధం. చెబుతుంటే అవన్నీ ఎంత చిన్నవో నాకే వినిపించింది.

"నువ్వు సామీవని తెలిస్తే నేనేం చేస్తాననుకున్నావు?" అన్నాడు హాల్వర్.

"ఏమీ చెయ్యవు."

"మరి?"

"ఏమీ చెయ్యవని తెలిసినా చెప్పలేదు. మొదట చెప్పలేదు కాబట్టి తర్వాతా చెప్పలేదు."

అతను బల్ల మీది కారు తాళాలు తన వైపు లాక్కున్నాడు. "నీ ప్లానులో ఇవాళ ఏముంది?"

"పీతల పడవ."

"అది మానేద్దాం. పద. నేను నడుపుతాను. కానీ లోపలికొచ్చి నీ తరఫున మాట్లాడను."

పెద్దమ్మ ఇంటి వెనక చేలో ఉంది. కోసిన గడ్డిని తీగల మీద ఆరేస్తోంది. కారు కంచె దగ్గర ఆగింది. నేనొక్కదాన్నే దిగి గడ్డిలో నడిచి వెళ్ళాను. నార్వేజియన్‌లో అమ్మ అక్కకీ, నాన్న చెల్లెలికీ, మేనమామ పెళ్ళానికీ ఒకటే పిలుపు. మా మాటలో అమ్మకి అక్కయితేనే గోస్కి.

"గోస్కి," అన్నాను. ముప్ఫై ఏళ్ళుగా అనని మాట. నోరు సరిగ్గా తిరగలేదు.

ఆవిడ చేతిలో ఉన్న గడ్డి మోపు తీగ మీద వేసి, సమంగా సర్ది, అప్పుడు తిరిగింది. "రండి. కాఫీ పెడతాను, కూర్చోండి," అంది నార్వేజియన్‌లో.

"గోస్కి, నాతో అలా మాట్లాడకు."

"మరెలా మాట్లాడమంటారు? మా మాట మీకు అర్థం కాదన్నారుగా నిన్న."

వంటింట్లో నన్ను వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చోబెట్టింది. కప్పు కింద సాసరు పెట్టింది. ఆ ఇంట్లో సాసర్లు పాదిరిగారికీ డాక్టరుకీ మాత్రమే తీసేవి. నేను మా మాటలో క్షమించమని అడగబోయాను. ఆ మాట గుర్తు రాలేదు. సామీలో ఆ మాటే లేనట్టు ఆగిపోయాను. ఆవిడ అందించలేదు.

"మీ ఆయన కారులోనే ఉండిపోయారేం?" అంది.

"నువ్వు బతికున్నావని ఆయనకి ఇవాళే తెలిసింది," అన్నాను. చివరికి నార్వేజియన్‌లోనే అన్నాను. "నువ్వు పోయావని చెప్పాను."

ఆవిడ కాఫీ పోస్తున్నది ఆగింది. తర్వాత కప్పు నిండేదాకా పోసింది.

"ఎప్పుడు పోయానండీ నేను?"

"టీరిల్ పుట్టిన ఏడు. పదహారేళ్ళయింది."

"ఆ ఏడేగా కొత్త పడవ కొన్నాను," అంది తనలో తను అనుకుంటున్నట్టు. "దేంతో పోయాను?"

"గుండె."

"గుండె నిక్షేపంలా ఉందండీ. మోకాళ్ళే పనిచెయ్యడం లేదు."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆవిడ ఓదార్చలేదు. ఎదురుగా కూర్చుని, మావాళ్ళ అలవాటు ప్రకారం తన కాఫీలో జున్ను ముక్కలు వేసుకుని చెంచాతో తిప్పింది.

"కార్డులు అందాయండీ ప్రతి ఏడూ. ముద్ర మీద ఊరి పేరు ద్రామెన్ అని ఉండేది. అది చదువుకునేదాన్ని. అంతకు మించి చదువుకోడానికి అందులో ఏముందని?" ఒక గుక్క తాగింది. "నేను పోయానంటే బాధపడ్డారా ఎవరైనా?"

"హాల్వర్ ఏడ్చాడు. టీరిల్ ఏటేటా చర్చిలో నీ పేరున దీపం పెట్టింది."

"నన్ను చూడకుండానే?"

"చూడకుండానే."

"మంచి పిల్ల. లోపలికి పిలవండి వాళ్ళని. చలిలో కూచోబెట్టారేం?"

ఆ తర్వాత నేను గీసిన ప్లానులో ఒక్క గీతా మిగల్లేదు. ఆరు రోజులు స్టేయిన్‌వీక్‌లోనే ఉన్నాం. మొదటిరోజు హాల్వర్ గడ్డి వేసిన తీగ మొత్తం నేలకి దిగింది. "నీకు పుస్తకాలే నయం బాబూ. చేతులు చూడు, పసిపిల్లాడి చేతుల్లా ఉన్నాయి," అని నవ్వింది పెద్దమ్మ. సిగ్నేని పడవలో తీసుకెళ్ళి వల లాగడం నేర్పింది. టీరిల్ నోటుపుస్తకం పట్టుకుని ఆవిడ వెంటే తిరిగింది. నిప్పుకేమంటారు, గాలికేమంటారు, ఆకలేస్తే ఏమంటారు అని ఒకటే ప్రశ్నలు.

"నిన్నేమని పిలవాలి నేను?" అని అడిగింది ఒకసారి.

"మీ అమ్మమ్మకి అక్కనిగా. నీకూ అమ్మమ్మనే," అంది పెద్దమ్మ. ఆ పిలుపు రెండుసార్లు పలికించింది.

హాల్వర్‌ని బాబూ అంది, పిల్లల్ని ఏమే అంది. నన్ను మాత్రం ఆరు రోజులూ మీరు అనే అంది. ఉప్పు అందిస్తారా, ఆ బకెట్టు ఇటివ్వండి. కోపంగా కాదు, ఎంతో మర్యాదగా. కొట్లో, రేవులో ఊళ్ళోవాళ్ళు విన్నారు. నాకోసం దారి తప్పుకునేవారు, పట్నం నుంచి వచ్చిన అధికారికి తప్పుకున్నట్టు.

ఐదో రోజున నేను కొట్టంలో గొర్రెలకి నీళ్ళు పెడుతుంటే గోడ అవతల టీరిల్ గొంతు వినిపించింది. "అమ్మతో ఎందుకు అమ్మమ్మా అలా దూరంగా మాట్లాడతావు?"

"మీ అమ్మ అడిగిన దూరమేగా అది," అంది పెద్దమ్మ. "నేను దగ్గరికి జరిగితే మళ్ళీ ఎక్కడ చస్తానో!"

టీరిల్ నవ్విందో లేదో నాకు వినపడలేదు. గొర్రెలు తాగడం అయిపోయాక తొట్టి మళ్ళీ నింపాను.

వెళ్ళే రోజున ఆవిడ పిల్లలిద్దర్నీ గుండెకి హత్తుకుంది. దూరాలూ నియమాలూ ఆవిడ లెక్కచెయ్యలేదు. హాల్వర్ వీపు మీద గట్టిగా ఒకటి చరిచింది. నాతో చెయ్యి కలిపింది.

"జాగ్రత్తగా వెళ్ళి రండి," అంది.

హాల్వర్ నన్ను వదిలి వెళ్ళలేదు, ఇంట్లో గొడవ కూడా పడలేదు. మామూలుగానే ఉన్నాడు. కానీ నేను పాలు అయిపోయాయంటే ఒక్క క్షణం నా మొహం చూసి, వెళ్ళి ఫ్రిజ్ తెరిచి చూస్తాడు. తనకి తెలియకుండానే చేస్తాడు. నేను చూశానని తెలిసినప్పుడు మాత్రం సిగ్గుపడతాడు. సిగ్గుపడాల్సింది అతను కాదు.

ఆదివారాలు మధ్యాహ్నం టీరిల్ స్టేయిన్‌వీక్‌కి ఫోను చేస్తుంది. దాని మాట ఇప్పుడు గడగడా పోతోంది, సగం నాకే అందదు. సిగ్నే గొర్రెపిల్లల పేర్లు అడుగుతుంది. హాల్వర్ వాతావరణం గురించి అడుగుతాడు. అందరిదీ అయ్యాక ఫోను నా చేతికొస్తుంది.

"ఆరోగ్యమేనాండీ?" అంటుంది పెద్దమ్మ నార్వేజియన్‌లో.

నేను మా మాటలో జవాబు చెబుతాను, తడుముకుంటూ, మధ్యమధ్య ఆగిపోతూ. ఆవిడ తొందరపెట్టదు. చివరిదాకా వింటుంది.

"చివరి మాట అలా కాదండీ," అని సరిగ్గా పలికి వినిపిస్తుంది. "ఇంకోసారి అనండి."

అంటాను.